లాక్, బ్లాక్, బ్రేక్: రైల్వే రిస్కు అంచనా పద్ధతిని మిల్లులో అమలు చేయడం ఎలా

తెలుగులో ‘ప్రమాదం’ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు విషయాలు చెబుతాం. బాయిలర్‌లో నీటి మట్టం పడిపోతే ప్రమాదం అంటాం, బాయిలర్ పేలితే ప్రమాదం జరిగిందంటాం, ఫలానా మిల్లులో పని ప్రమాదమని కూడా అంటాం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల ఇబ్బంది లేదు గాని, భద్రత గురించి కాగితం మీద రాయడానికి కూర్చున్నప్పుడు ఈ మూడూ కలిసిపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది. అందుకే ఇక్కడ నీటి మట్టం పడిపోవడంలాంటి స్థితిని ముప్పు అని, ఆ ముప్పు అడ్డు లేకుండా సాగి మనిషిని తాకడాన్ని ప్రమాదం అని, అది ఎంత తరచుగా జరగవచ్చు, జరిగితే ఎంత నష్టం చేస్తుంది అన్న రెండింటినీ కలిపి చూసే అంచనాను రిస్కు అని రాస్తాను. రైల్వేలో మాకు నేర్పినది కూడా ఇదే. పట్టాలు తప్పిన రైలు గురించి రాసేముందు విరిగిన పట్టా గురించి రాయాలి. పట్టా విరగడానికీ రైలు పడిపోవడానికీ మధ్య ఇంకా కొంత వ్యవధి ఉంటుంది, మనం చేయగలిగినదంతా ఆ వ్యవధిలోనే ఉంది.

నేను ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ ప్రాంతపు స్టేషన్లలో సిగ్నల్ శాఖలో పనిచేసి, రిటైరయ్యాక గుణుపురంలో ఉంటున్నాను. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో రైసు మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు, కోత మిల్లులు నడిపేవారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు తమ మిల్లు చూసి భద్రత గురించి చెప్పమని అడగడంతో మొదలైన పని నాకు ఇప్పుడు దాదాపు నిత్యకృత్యమైంది. ఆ అనుభవంతో, రైల్వే పద్ధతిలో ఏది యథాతథంగా పనికివస్తుంది, ఏది మార్చుకోవాలి, ఏది అసలు వాడకూడదు అన్నది క్రమంగా వివరిస్తాను. ఉదాహరణకు ఉప్పుడు బియ్యం మిల్లును తీసుకుంటాను. ఒడిశాలో ఉసునా అని పిలిచే ఈ బియ్యానికి ఉన్న గిరాకీ వల్ల అలాంటి మిల్లులు మనకు దగ్గరలోనే ఉన్నాయి. బాయిలరు, తిరిగే యంత్రాలు, లోతైన తొట్టెలు, లారీలు, హమాలీలు అన్నీ ఒకే ఆవరణలో ఉండటం వల్ల అక్కడ నేర్చుకున్నది మిగతాచోట్లకు కూడా తేలిగ్గా మళ్లించుకోవచ్చు.

ముందుగా ఈ పద్ధతికి మూలమైన ఒక సంఘటన తెలియాలి. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా వద్ద ఎగువ వాలులో ఆగిపోయిన ఒక విహారయాత్ర రైలును రెండు భాగాలుగా విడదీసినప్పుడు వెనక భాగం కిందికి జారి, వెనకనుంచి వస్తున్న మరో రైలును ఢీకొని 80 మంది చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. అదే ఏడాది బ్రిటిషు పార్లమెంటు మూడు విషయాలను తప్పనిసరి చేసింది: రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లూ సిగ్నళ్లూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉండలేని లాకింగు, ఒక సెక్షన్‌లో, అంటే లైనులోని ఒక నిర్ణీత భాగంలో, ఒకే రైలు ఉండాలన్న బ్లాకు పద్ధతి, గొట్టం తెగితే తనంతట తానే పట్టుకునే బ్రేకు. అప్పటినుంచి ఆ మూడింటినీ కలిపి లాక్, బ్లాక్, బ్రేక్ అంటున్నారు. తరవాత వచ్చిన ఎన్నో ప్రమాణాల్లో, పట్టికల్లో మిల్లు యజమాని గుర్తుపెట్టుకోవలసినవి నా దృష్టిలో ఈ మూడే, ఎందుకంటే మూడింటిలోనూ ఉన్నది ఒకే నియమం: క్షేమమని రుజువయ్యేదాకా క్షేమం కాదని భావించడం.

ఆవరణ గీత

ఒక పెద్ద కాగితం తీసుకుని మిల్లు చుట్టూ గీత గీయండి. ఆ గీతను దాటి లోపలికి వచ్చేవీ బయటికి పోయేవీ ఒక్కొక్కటిగా రాయండి: ధాన్యం లారీ, ఊక తీసుకుపోయే ట్రాక్టరు, కరెంటు తీగ, నీటి గొట్టం, కాంట్రాక్టరు పంపే హమాలీలు, ఏడాదికి రెండుసార్లు వచ్చే వెల్డరు, కాటా దగ్గర రాలిన గింజలు ఏరుకోవడానికి వచ్చే ఆడవాళ్లూ వారి వెంట వచ్చే పిల్లలూ. ఈ చివరి పంక్తిని నేను చూసిన ఏ మిల్లులోనూ ముందుగా రాయలేదు, ఎందుకంటే వారు జీతం తీసుకునేవారు కారు.

రైల్వేలో లెవెల్ క్రాసింగు మీద అంత శ్రద్ధ పెట్టడానికి కారణం, అక్కడ రెండు వ్యవస్థలు కలుసుకోవడం. రోడ్డు మీద వచ్చే బండిని రైల్వే నడపదు, రైలును బండివాడు ఆపలేడు. అందువల్ల ఎవరి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో ముందే నిర్ణయించాలి. మిల్లు గీతను దాటే ప్రతి అంశానికీ అదే చేయాలి. లారీ వెనక్కి వచ్చేటప్పుడు వెనక నిలబడి చూసేది ఎవరు, లారీ క్లీనరా, మిల్లు మనిషా? క్లీనరే అయితే అతడికి ఆ ఆవరణలో గొయ్యి ఎక్కడుందో తెలుసా? కరెంటు పోయి తిరిగి వచ్చేముందు మిల్లుకు ఎవరైనా చెబుతారా? జవాబు దొరకని ప్రతి చోటా ఒక ముప్పు ఉందని రాసుకోండి; మొదటి రోజున మీ జాబితాలో సగం ఇక్కడినుంచే వస్తుంది.

ముప్పులను ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి

రైల్వే అధికారులు రాత్రిపూట ముందుగా చెప్పకుండా ఇంజనులో ఎక్కి లోకో పైలట్ పక్కన ప్రయాణం చేస్తారు. పగటి వెలుగులో, అందరూ సిద్ధంగా ఉన్నప్పుడు చూసిన స్టేషను వేరు, తెల్లవారుజామున మూడు గంటలకు కనిపించే స్టేషను వేరు. మిల్లులోనూ తనిఖీ ధాన్యం జోరుగా వచ్చే రోజుల్లో, రాత్రి పాళీలో, వీలైతే కరెంటు పోయిన సమయంలో చేయాలి. యజమాని పక్కన లేకుండా అడగాలి.

‘ఇది క్షేమమేనా’ అని అడిగితే ఎవరైనా క్షేమమే అంటారు. ‘ఇది పాడైతే పని ఆగకుండా ఎలా నెట్టుకొస్తారు’ అని అడగండి. ఒక మిల్లులో మోటారు స్టార్టరు మాటిమాటికీ పడిపోతోందని చెబుతూ మేస్త్రీ, ‘అది ఎప్పుడూ అంతేనండి బాబూ, చెక్కముక్క దోపేసి నడిపించేస్తాం’ అన్నాడు. ఆ మాటలో ఏ తప్పూ ఉందని అతడు అనుకోలేదు. పని సాగించడమే తన బాధ్యత అనుకున్నాడు. కాని ఆ చెక్కముక్క వల్ల మోటారును కాపాడవలసిన ఓవర్‌లోడు రక్షణ, కరెంటు పోయి వస్తే యంత్రం తిరగకుండా ఆపే రక్షణ రెండూ ఒకేసారి పోయాయి.

మన సరిహద్దు జిల్లాల్లో మరో విషయం ఉంది. మేస్త్రీ తెలుగువాడు, బాయిలరు దగ్గరి మనిషి ఒడియా, మోతపని చేసేవారిలో సవర, కుయి మాట్లాడేవారు ఉంటారు. మేస్త్రీని మధ్యవర్తిగా పెట్టుకుని అడిగితే మేస్త్రీకి నచ్చిన జవాబే మీకు చేరుతుంది. ఆ భాష వచ్చిన వేరొకరిని, ఆ మిల్లుకు సంబంధం లేనివారిని, ఒక పూట కూలి ఇచ్చి తీసుకురండి. ఈ ఒక్క ఖర్చు దగ్గర వెనకాడవద్దని నేను గట్టిగా చెబుతాను.

పట్టికను మక్కికి మక్కి దించుకోవద్దు

ఐరోపా రైల్వేల ఈఎన్ 50126 ప్రమాణం మొదట 1999లో వెలువడింది. అందులో ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో ఒకవైపు తరచుదనానికి ఆరు మెట్లు, మరోవైపు తీవ్రతకు నాలుగు మెట్లు ఉంటాయి. రెండూ కలిసే గడిని బట్టి ఆ రిస్కు సహించరానిదా, తగ్గించవలసినదా, సహించదగినదా, పట్టించుకోనక్కరలేనిదా అని నిర్ణయిస్తారు. చాలామంది సలహాదారులు ఈ పట్టికను ఉన్నదున్నట్టు మిల్లు గోడకు అంటిస్తారు. అది రెండు కారణాల వల్ల పనికిరాదు.

మొదటిది, రైల్వేకు వేల ఇంజన్లు, లక్షల కిలోమీటర్ల ప్రయాణం, దశాబ్దాల లెక్కలు ఉన్నాయి గనుక ‘అరుదు’ అన్న మాటకు అక్కడ ఒక అంకె ఉంటుంది. ముప్పైమంది పనిచేసే మిల్లులో పదేళ్లుగా ఎవరూ చనిపోలేదన్నది రిస్కు తక్కువని చెప్పదు; మిల్లు చిన్నదని మాత్రమే చెబుతుంది. అందువల్ల నేను అంకెలు తీసేసి మాటలు పెడతాను: ‘ఈ సీజనులో ఇక్కడే జరిగింది’, ‘ఈ మిల్లులో ఎవరో ఒకరికి గుర్తుంది’, ‘చుట్టుపక్కల మిల్లుల్లో జరిగిందని విన్నాం’, ‘ఎవరూ వినలేదు గాని జరగడానికి అడ్డేమీ లేదు’. ఈ నాలుగు మెట్లను హమాలీ కూడా సరిగ్గా చెప్పగలడు. చివరి మెట్టును ఎప్పుడూ ఖాళీగా వదలకండి.

రెండవది, రైల్వేలో అత్యంత తీవ్రమైన వరుస ఎక్కువమంది చనిపోయే ప్రమాదాలకు ఉద్దేశించినది. ఆ కొలతను ఇక్కడికి తెస్తే ఒక కూలీ మరణం రెండో వరుసలోకి జారిపోతుంది. మిల్లులో ఒక్క ప్రాణం పోయే ఏ ముప్పైనా పై వరుసలోనే ఉండాలి, ఆ వరుసలో ఉన్నది ఎంత అరుదైనదైనా ‘పట్టించుకోనక్కరలేదు’ అన్న గడిలోకి రాకూడదు. ఇది లెక్కలోనుంచి వచ్చిన సూత్రం కాదని ఒప్పుకుంటాను. కాని ఈ ఒక్క నిబంధన లేకుండా వేసిన పట్టిక మీద సంతకం పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఎంతవరకు చేస్తే చాలు

రిస్కును సున్నా చేయలేం. ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు ఐరోపా సమాఖ్య 2013లో రైల్వేల కోసం తెచ్చిన 402వ నంబరు నిబంధన మూడు దారులు చూపింది. ఆ ముప్పుకు ఇప్పటికే ఆమోదం పొందిన నియమావళి ఉంటే దాన్ని పూర్తిగా పాటించడం మొదటి దారి. అలాంటిదే మరో వ్యవస్థ చాలాకాలంగా క్షేమంగా నడుస్తుంటే దానితో పోల్చి చూపడం రెండవది. ఈ రెండూ కుదరనప్పుడు మాత్రమే రిస్కును విడిగా లెక్కకట్టడం మూడవది.

చిన్న పరిశ్రమకు ఇంతకంటే మేలైన కానుక రైల్వే నుంచి మరొకటి రాదు, ఎందుకంటే మూడో దారి ఖరీదైనది, మొదటి రెండూ దాదాపు ఉచితం. బాయిలరుకు చట్టం ఉంది, ఏటా తనిఖీ, సర్టిఫికెటు ఉన్నాయి. అక్కడ మీరు కొత్తగా లెక్కలు కట్టనక్కరలేదు, సేఫ్టీ వాల్వు, నీటిమట్టం చూపే గాజు గొట్టాలు, సర్టిఫికెట్ గడువు సరిచూసుకుంటే చాలు. బెల్టులకు, గేర్లకు కంచె ఎలా ఉండాలో ఫ్యాక్టరీ నియమాలు చెబుతాయి. లారీల రాకపోకలకు మీకంటే బాగా నడిచే పక్క మిల్లును చూసి దాని ఏర్పాటు తెచ్చుకోవచ్చు, అయితే ఆ మిల్లు ఆవరణ, లారీల సంఖ్య మీ దానిలాగే ఉన్నాయా అన్నది నిజాయితీగా చూడాలి. విడిగా ఆలోచించవలసినవి చివరికి పదో పన్నెండో మిగులుతాయి. మీ సమయమంతా వాటి మీద పెట్టండి.

లాక్, బ్లాక్

ఇప్పుడు అడ్డుకట్టల దగ్గరికి వద్దాం. కొన్నేళ్ల క్రితం ఒక మిల్లులో ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటరు కింది గోతిలో ధాన్యం ఇరుక్కుంటే ఒక యువకుడు మోటారు ఆపించి దిగాడు. పైన పాళీ మారింది. కొత్తగా వచ్చిన ఆపరేటరు యంత్రం ఎందుకు ఆగిందో తెలియక మీట నొక్కాడు. ఆ యువకుడి కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. అప్పుడు ఆ మిల్లుకు నన్ను పిలిచారు. ‘జాగ్రత్తగా ఉండాలి’ అని బోర్డు రాయించమంటారా అని అడిగారు.

రైల్వేలో ఈ సమస్యకు జవాబు నూరేళ్లకు ముందే దొరికింది. సింగిల్ లైను మీద రైలు స్టేషను దాటాలంటే లోకో పైలట్ చేతికి అనుమతి గుర్తయిన టోకెను రావాలి. రెండు స్టేషన్ల యంత్రాలూ విద్యుత్తుతో ముడిపడి ఉంటాయి గనుక ఒక టోకెను బయటికి వచ్చాక, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండోది రాదు. లైను ఖాళీగా ఉందో లేదో ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. టోకెను ఎవరి చేతిలో ఉందో లైను వారిది.

మిల్లులో దీన్ని నాలుగైదు వందల రూపాయల తాళంతో చేయవచ్చు. ఎలివేటరు మెయిన్ స్విచ్చిని ఆపు స్థితిలో తాళం వేసేలా కొక్కెం పెట్టించండి. దిగే మనిషి తానే తాళం వేసి, తాళంచెవిని తన మొలతాడుకో జేబులోనో పెట్టుకుని దిగాలి. ఇద్దరు దిగితే రెండు తాళాలు. ఏ తాళానికైనా నకలు చెవి ఆఫీసు బీరువాలో ఉండకూడదు, అసలు ఉండకూడదు. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే సైడింగుల్లో, అంటే మెయిన్ లైను నుంచి విడిపోయే పక్క లైన్లలో, మేము వాడే తాళంచెవి మార్పిడి పద్ధతి ఇంకా మంచిది: స్విచ్చి ఆపితేగాని అందులోని చెవి బయటికి రాదు, ఆ చెవితోగాని గోతి మూత తెరుచుకోదు, మూత మూసి తాళం వేస్తేగాని చెవి తిరిగి చేతికి రాదు. లాకూ బ్లాకూ అక్కడ ఒక్కటైపోతాయి.

తాళం కుదరని చోట మాట మీద ఆధారపడవలసి వస్తుంది, ఆ మాట యంత్రాల హోరులో, రెండు మూడు భాషల మధ్య ప్రయాణిస్తుంది. స్టేషన్ మాస్టరు గేట్‌మ్యాన్‌తో ఫోనులో మాట్లాడినప్పుడు గేటు మూసినట్టు రుజువుగా ఇచ్చిపుచ్చుకునే ప్రైవేట్ నంబరు ఇందుకే పుట్టింది. ‘సరే’, ‘అయింది’ అన్న మాటలకు విలువ లేదు. ముందే అచ్చువేసిన కాగితంలోని నంబరు చెప్పి, రెండువైపులా పుస్తకంలో రాసుకోవాలి. నానబెట్టే తొట్టెలోకి మనిషి దిగేముందు పైన ఉన్నవాడికీ ప్యానెలు దగ్గరున్నవాడికీ మధ్య అదే పద్ధతి పెట్టండి. ఆ తొట్టెల విషయంలో మరొక మాట. పులిసిన ధాన్యం ఉన్న లోతైన తొట్టెలో ఊపిరికి కావలసిన గాలి ఉండకపోవచ్చు. లోపల ఒకడు పడిపోతే కాపాడబోయినవాడూ పడిపోతాడు. గాలి ఆడించకుండా, నడుముకు తాడు కట్టకుండా, తాడు పట్టుకున్న మనిషి పైన లేకుండా ఎవరూ దిగకూడదు, పైనున్నవాడు ఏ కారణంతోనూ లోపలికి దిగకూడదు.

బ్రేక్: ఆగడమే క్షేమమా?

ఈ భాగం మీద ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే రైల్వే పద్ధతిలో అత్యంత విలువైనదీ, తప్పుగా తెస్తే అత్యంత నష్టం చేసేదీ ఇదే.

1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు ప్రవహిస్తూ రిలే అనే ఒక విద్యుత్ మీటను పైకి పట్టి ఉంచుతుంది. రైలు వస్తే దాని ఇరుసులు కరెంటును మళ్లిస్తాయి, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. దాని గొప్పతనమంతా తరవాతి సంగతిలో ఉంది: తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా, పట్టా విరిగి కరెంటు ఆగినా రిలే అలాగే పడిపోయి సిగ్నల్ ఎర్రబడుతుంది. పరికరం చచ్చిపోతే అది ‘ప్రమాదం’ అని చెప్పి చస్తుంది.

దీన్ని పట్టుకుని మీ మిల్లులోని ప్రతి హెచ్చరిక దీపాన్నీ చూడండి. బాయిలరులో నీరు తగ్గితే వెలిగే ఎర్ర దీపం ఉంటే, ఆ బల్బు మాడిపోయిన రోజు మీకు ఏ హెచ్చరికా రాదు. చీకటిగా ఉన్న దీపాన్ని చూసి అంతా బాగుందనుకుంటారు. దాన్ని తిప్పి పెట్టించండి: నీరు సరిగా ఉన్నంతసేపూ పచ్చ దీపం వెలుగుతూ ఉండాలి, ఆరిపోతే అందరూ పరుగెత్తాలి. గంట కూడా అంతే, కరెంటు పట్టి ఉంచినంతసేపు మౌనంగా ఉండి, విడిస్తే మోగాలి. అది మోగడానికి వేరే బ్యాటరీ ఉండాలి. ఎలక్ట్రీషియనుకు ఇది ఒక పూట పని. నీరు పెద్ద డొల్లలో ఉండే షెల్ బాయిలర్లలోని ఫ్యూజిబుల్ ప్లగ్గు ఇదే కుటుంబానికి చెందినది. నీరు దిగి లోహం వేడెక్కితే కరిగి, ఆవిరిని మంట మీదికి వదులుతుంది. ఆ ప్లగ్గు స్థానంలో మామూలు బోల్టు బిగించిన బాయిలరును నేను చూశాను, అందుకే చెబుతున్నాను, విప్పి చూడండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రాలు వాటంతటవే తిరగకూడదన్నది కూడా ఇక్కడికే చెందుతుంది. మామూలు స్టార్టరు కరెంటు పోతే పడిపోయి, మళ్లీ మీట నొక్కేదాకా లేవదు. పొలంలో బోరు మోటారుకు మనవారు ఆటో స్టార్టరు పెట్టుకోవడానికి కారణముంది, రాత్రి వచ్చే కరెంటు కోసం రైతు పొలానికి పోనక్కరలేదు. అదే పెట్టెను మిల్లు మోటారుకు బిగిస్తే, కరెంటు పోయింది కదా అని బెల్టు సవరిస్తున్న మనిషి చేయి అందులో ఉండగా యంత్రం లేస్తుంది. మిల్లు ఆవరణలో మనిషి తాకగలిగే ఏ యంత్రానికీ ఆటో స్టార్టరు ఉండకూడదు.

ఇక హద్దు ఎక్కడుందో చూద్దాం. రైలుకు ఆగడం క్షేమం, అందుకే రైల్వే బుద్ధి అంతా ‘అనుమానం వస్తే ఆపు’ అన్న దిశలో తయారైంది. ఊకతో నడిచే బాయిలరును అలా ఒక్కసారిగా ఆపలేరు. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, నీరు ఎక్కించే పంపు కూడా ఆగుతుంది. కాని పొయ్యిలో ఊక మండుతూనే ఉంటుంది, నీరు ఆవిరై తగ్గుతూనే ఉంటుంది. అక్కడ ‘అన్నీ ఆపే’ ఒక ఎర్ర మీట పెడితే రైల్వే పద్ధతి పేరుతో మీరే ఒక ముప్పును తయారుచేసినట్టు. క్షేమమైన స్థితి అంటే అక్కడ మంట తగ్గాలి, నీరు అందుతూ ఉండాలి. అందుకే కరెంటు అవసరం లేకుండా ఆవిరితోనే నీరు ఎక్కించే ఇంజెక్టరును పనిచేసే స్థితిలో ఉంచుకోవాలి. గాజు గొట్టంలో నీరు అసలు కనిపించని స్థితి వస్తే మాత్రం ఎర్రగా కాలిన లోహం మీద చల్లటి నీరు పంపకూడదు. మంటను తీసేసి, మనుషులను దూరంగా పంపి, చల్లారనివ్వాలి.

ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా, విద్యుత్ కొలిమికి చల్లదనమిచ్చే నీరు కూడా ఇలాంటివే. ఆగడమే అక్కడ ముప్పు. అందువల్ల ప్రతి యంత్రానికీ, అడ్డుకట్ట గురించి ఆలోచించేముందే, ఒక వాక్యం రాయండి: ‘దీనికి క్షేమమైన స్థితి ఏది, ఏ సాయమూ లేకుండా అది ఆ స్థితికి తనంతట తాను చేరుతుందా?’ చేరుతుందంటే రైలులాంటిదే, రైల్వే జవాబు తెచ్చుకోవచ్చు. చేరదంటే, దాన్ని అక్కడికి చేర్చే రెండో దారి ఒకటి ఉండాలి, ఆ దారి మొదటిదాని కరెంటు మీద ఆధారపడకూడదు. ఘాట్ సెక్షన్లలో ఇలాంటి ఆలోచన ఉంది. వాలు మీదినుంచి దిగే రైలుకు బ్రేకు అందకపోతే ఏమవుతుందని ఆలోచించి, స్టేషనుకు ముందే అలాంటి రైలును మళ్లించే పక్క లైను, క్యాచ్ సైడింగు, వేసి, పాయింటును మామూలుగా ఆ సైడింగు వైపే ఉంచుతారు.

మార్పు జరిగిన రోజు, పరికరం పాడైన రాత్రి

2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీద పోవడానికి పచ్చ సిగ్నల్ ఉంది, పాయింటు మాత్రం పక్కనున్న లూప్ లైను వైపు ఉంది. అక్కడ నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్న ఆ ఘోరంలో 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్‌లో అంతకుముందు చేసిన మార్పులోని లోపాన్ని, లెవెల్ క్రాసింగు గేటు దగ్గర ఆ రోజు జరిగిన పనిని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ ఎత్తిచూపింది. సిగ్నల్ శాఖలో జీవితమంతా గడిపిన నాలాంటివారికి ఆ వార్త మామూలు వార్త కాదు. ఎన్ని దశాబ్దాల ఆలోచనతో తయారైన లాకింగైనా, ఒక తీగను ఒక చోటునుంచి మరో చోటికి మార్చి, మొత్తాన్ని తిరిగి పరీక్షించకుండా అప్పగిస్తే నిలవదు.

మిల్లులో వెల్డరు, ఎలక్ట్రీషియను వచ్చిన ప్రతిసారీ, రైల్వేలో సిగ్నల్ పరికరాన్ని విప్పేముందు రాసే డిస్‌కనెక్షన్ మెమోలాంటి ఒక చీటీ ఉండాలి: ఏది విప్పుతున్నారు, ఎప్పటినుంచి, ఎవరు ఒప్పుకున్నారు. పని ముగిశాక విప్పినవాడూ నడిపేవాడూ కలిసి పరీక్షించి, అదే చీటీ మీద ఇద్దరూ సంతకం చేయాలి. విప్పిన భాగాన్ని మాత్రమే పరీక్షిస్తే చాలదు, దానితో తాళంపడిన ప్రతిదాన్నీ పరీక్షించాలి.

పాడైన స్థితికి వేరే నియమం కావాలి. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర విశాఖపట్నం–రాయగడ ప్యాసింజరు ముందున్న పలాస ప్యాసింజరును వెనకనుంచి ఢీకొన్నప్పుడు ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్లు, అంటే రైలు కదలికను బట్టి వాటంతటవే మారే సిగ్నళ్లు, పాడై ఉన్నాయి. మా ఊళ్లవారు రోజూ ఎక్కే రైలు అది. ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, తరవాత చాలా నెమ్మదిగా, ముందు అడ్డున్నట్టే భావిస్తూ పోవాలన్న నియమం రైల్వేలో ఉంది. పరికరం చెడిన గంటల్లోనే మనిషి మీద బరువంతా పడుతుంది, సరిగ్గా అప్పుడే అతడు అలసి, ఆలస్యమై ఉంటాడు. అందువల్ల మీ పట్టికలోని ప్రతి ముప్పునూ రెండుసార్లు అంచనా వేయండి, రక్షణ పనిచేస్తున్నప్పుడు ఒకసారి, అది చెడిపోయి మరమ్మతు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఒకసారి. రెండో అంచనా పై గడిలోకి వెళ్తే, ఆ రక్షణ బాగయ్యేదాకా యంత్రం నడపకూడదని ముందే రాసిపెట్టుకోవాలి. రాత్రి రెండు గంటలకు ఆ నిర్ణయం మేస్త్రీ మీద వదలకూడదు.

ముప్పుల పుస్తకం

ఇదంతా ఒకే బైండు పుస్తకంలో ఉండాలి. విడి కాగితాలు వద్దు. ఒక్కో ముప్పుకు ఒక పుట: అది ఏమిటి, ఎవరు చెప్పారు, ఏ అడ్డుకట్ట పెట్టాం, దాని బాధ్యత ఏ ఒక్క మనిషిది, పనిచేస్తుందని ఏ తేదీన ఎలా పరీక్షించాం. ‘యాజమాన్యం’ అనో ‘సిబ్బంది’ అనో రాస్తే ఎవరిదీ కానట్టే, మనిషి పేరు రాయాలి. తీరిపోయిన ముప్పును కొట్టివేయకూడదు. తీరిందని తేదీ వేసి వదిలేయాలి, ఎందుకంటే మూడేళ్ల తరవాత యంత్రం మారినప్పుడు అదే ముప్పు తిరిగి వస్తుంది. పుస్తకాన్ని ఏడాదికి ఒకసారి మిల్లుతో లాభనష్టాల సంబంధం లేని మనిషికి చూపించండి. మన దేశంలో రైల్వే భద్రతా కమిషన్ రైల్వే మంత్రిత్వశాఖ కింద లేదు, పౌర విమానయాన మంత్రిత్వశాఖ కింద ఉంది. రైళ్లు నడిపే శాఖే వాటి భద్రత మీద తీర్పు చెప్పకూడదన్న ఉద్దేశంతో అలా పెట్టారు. మీకు దొరికే మనిషి పక్క ఊరి మిల్లు మేస్త్రీ అయినా ఫరవాలేదు, మీ జీతం తీసుకోనివాడైతే చాలు.

సీజను మొదలయ్యేముందు, నవంబరులో మొదటి ధాన్యం లారీ కాటా ఎక్కడానికి ఒక రోజు ముందే, పుస్తకం ముందు పెట్టుకుని ప్రతి హెచ్చరిక తీగనూ ఒకసారి చేత్తో విప్పి చూడండి. పచ్చ దీపం ఆరాలి, గంట మోగాలి, యంత్రం తన క్షేమమైన స్థితికి చేరాలి. చేరిన ప్రతిదానికీ ఎదురుగా తేదీ, సంతకం పెట్టించి, విప్పిన తీగను తిరిగి బిగించారని వేరొకరి చేత చూపించుకుని, ఆ తరవాతే బాయిలరు వెలిగించండి.